డబ్బా కొనే ముందు షెడ్డు చుట్టూ ఒకసారి తిరగండి

ప్రశ్న: నమస్కారం మేడం. అంబాజీపేట దగ్గర మాకు కొబ్బరికాయల వ్యాపారం ఉంది. షెడ్డులో కాయ ఒలుపు, పక్కనే పీచు తీసే మిషను. మా మావయ్యగారు మొదలుపెట్టిన పని, ఇప్పుడు నేనూ మావారూ చూసుకుంటున్నాం. చెట్లెక్కి కాయలు దింపే దింపు వాళ్లతో కలిపి 24 మంది పనిచేస్తారు. పోయిన ఆదివారం ఒలుపు చేసే అతనికి కాయ ఒలిచే గునపం అరచేతిలో దిగింది. కంగారులో పసుపు అద్ది, తువ్వాలు చుట్టి, ఊళ్లో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గరికి పంపాం. ఆ రోజు నుంచి షెడ్డులో ఒక ఫస్ట్ ఎయిడ్ కిట్ పెట్టాలని పట్టుదలగా ఉన్నాను. మందుల షాపులో రెండు చూపించారు, ఒకటి 850 రూపాయలు, ఇంకోటి 3,200. ఆన్‌లైన్‌లో 120 వస్తువులున్న కిట్ కూడా కనబడింది. ఏది తీసుకోమంటారు? మావయ్యగారు మాత్రం "నలభై ఏళ్లు పసుపూ గాయపాకుతో గడిచిపోయింది, ఇప్పుడెందుకీ షోకు" అంటున్నారు. పెడితే గిడితే తాళం వేయమంటున్నారు, లేకపోతే వారంలో ఖాళీ అయిపోతుందట. (ఒక పాఠకురాలు, కోనసీమ)

జవాబు: అమ్మా, డబ్బా సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ అరచేతి గాయం అతను ధనుర్వాతం రాకుండా వేసే టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నాడో లేదో కనుక్కోండి. ఇప్పుడు దాని బదులు టీడీ వేస్తున్నారు, అందరూ పిలిచేది మాత్రం టీటీ అనే. మీ ఉత్తరంలో ఆ మాట లేదు. ధనుర్వాతం సాధారణంగా గాయమైన మూడు రోజుల నుంచి మూడు వారాల లోపు బయటపడుతుంది, పైన తోలు కలిసిపోయినా సరే. మట్టీ కొబ్బరి డొక్కా అంటిన ఇనుప మొన లోపలికి దిగిన గాయం దానికి బాగా అనువైన చోటు. చివరి టీకా ఎప్పుడు వేయించుకున్నాడో అతనికి గుర్తు లేకపోతే లేనట్టే లెక్క, డాక్టరు దగ్గరికి పంపండి. ఇంకో సంగతి. అతని వేళ్లు ఉబ్బి వంగిపోయి ఉన్నాయా? మెల్లగా చాపబోతే ప్రాణం పోయినట్టు అరుస్తున్నాడా? అలా ఉంటే చీము వేళ్లని వంచే కండరపు తాడు చుట్టూ ఉండే గొట్టంలోకి దిగిందని అనుమానించాలి. ఆ చేతిని ఆర్‌ఎంపీ దగ్గర కాదు, అమలాపురంలో సర్జన్ దగ్గర చూపించాలి. "ఆయ్, ఏం పర్లేదండి" అంటాడు. మనవాళ్లు చెయ్యి తెగి కింద పడ్డా అదే అంటారు. ఆ మాట నమ్మకండి.

ఇక కిట్. ఆ మూడింటిలో ఏదీ ఇప్పుడే కొనకండి.

నేను గోదావరి జిల్లాల ఆసుపత్రుల్లో క్యాజువాలిటీ నర్సుగా చాలా ఏళ్లు చేశాను. రిటైరయ్యాక మిల్లులకీ షెడ్లకీ వెళ్లి ఫస్ట్ ఎయిడ్ నేర్పుతున్నాను. వెళ్లిన ప్రతి చోటా ముందు "డబ్బా చూపించండి" అంటాను. ఒక చోట చూపించిన డబ్బా ఇప్పటికీ కళ్లలో ఉంది. గోడకి రేకు డబ్బా, తలుపు బందులు తుప్పు పట్టి కిర్రుమంది. లోపల మూత ఊడి గోధుమ రంగు చారికగా ఎండిపోయిన టించరు సీసా, తేమకి జిగురు కరిగి ఒకదానికొకటి అంటుకుపోయిన బ్యాండ్ ఎయిడ్ల అట్ట, ఎలుక కొరికిన దూది చుట్ట, ఎప్పటిదో పేరు చెరిగిపోయిన మాత్రల స్ట్రిప్పు. వాటి పక్కన మాత్రం తాజాగా ఒక బీడీల కట్ట, అగ్గిపెట్టె, సెల్‌ఫోను ఛార్జరు. గ్లౌజులు లేవు, కత్తెర లేదు. కొన్న రోజున అది మంచి డబ్బాయే అయి ఉంటుంది.

అన్నట్టు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్‌లో ఒక ముచ్చటైన వాక్యం ఉండేది. నిర్దేశించిన సామాను తప్ప ఆ పెట్టెలో ఇంకేమీ పెట్టకూడదు అని. బీడీ కట్టల సంగతి ఆ రోజుల్లోనే తెలిసిన మనిషి ఎవరో రాసినట్టుంది. అదే సెక్షన్‌లో 150 మందికి ఒక పెట్టెకు తగ్గకూడదనీ, పనివేళలంతా అందుబాటులో ఉండాలనీ, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ఉన్న మనిషి దానికి బాధ్యుడిగా ఉండాలనీ ఉండేది. 2025 నవంబరు 21 నుంచి దాని బదులు వృత్తి భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. కరెంటు మీద నడిచే యంత్రం ఉండి 20 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేస్తే అది ఫ్యాక్టరీయే. మీ షెడ్డులో పనిచేసేవాళ్లు 20కి తగ్గకపోతే మీరు ఆ లెక్కలోకే వస్తారు. పని జరిగినంతసేపూ చేతికందేలా ఫస్ట్ ఎయిడ్ పెట్టెలు ఉండాలని కొత్త కోడ్ కూడా చెబుతుంది. కాబట్టి మావయ్యగారితో ఇది షోకు కాదు, చట్టం అని నెమ్మదిగా చెప్పొచ్చు. పెట్టెలో ఏమేం ఉండాలన్న పట్టిక ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో అడిగి తీసుకోండి. అది కనీసం. దాని మీద మీ షెడ్డుకి కావాల్సింది మీరే చేర్చుకోవాలి.

దానికోసం ఒక రోజు పొద్దున్నే చేతిలో నోటుపుస్తకం పట్టుకుని షెడ్డు చుట్టూ తిరగండి. ఒలుపు దగ్గర నిలబడి అడగండి, ఈ ఏడాదిలో ఎవరెవరికి ఏం తగిలింది అని. మిషను దగ్గర అడగండి. డొక్కలు మోసే ఆడవాళ్లని విడిగా అడగండి, వాళ్లు మగవాళ్ల ముందు చెప్పరు. అరగంటలో మీ కిట్ జాబితా మీ చేతిలో ఉంటుంది. 120 వస్తువుల కిట్ తయారుచేసిన కంపెనీకి గునపం అంటే ఏమిటో తెలియదు కదా. అలాంటి వాటిలో చాలా మటుకు చిన్న ప్లాస్టర్లు, దూది పుల్లలు, సేఫ్టీ పిన్నులే ఉంటాయి. లెక్క పెంచడానికి తప్ప మీ పనికి రావు.

ఒలుపు దగ్గర వచ్చే గాయం రెండు రకాలు, చీరుకుపోవడం, దిగిపోవడం. రెంటికీ ముందు కావాల్సింది గట్టిగా అదిమిపట్టే మందపాటి శుభ్రమైన గుడ్డ. షాపులో స్టెరైల్ గాజ్ (పల్చటి జాలీ గుడ్డ) ప్యాకెట్లు, డ్రెస్సింగ్ ప్యాడ్లు అని అడగండి. చిన్నవి ఇరవై, అరచేయంత పెద్దవి ఓ పది. గాయం మీద పెట్టి పది నిమిషాలు గడియారం చూసుకుని అదమాలి. మధ్యలో "ఆగిందా" అని ఎత్తి చూడకూడదు, చూసినప్పుడల్లా గడ్డ కట్టిన రక్తం ఊడిపోతుంది. తడిసిపోతే దానిమీదే ఇంకోటి పెట్టాలి. దూది నేరుగా గాయం మీద వద్దు, పోగులు లోపల అంటుకుని మాలాంటి వాళ్లు గంటసేపు ట్వీజర్లతో ఏరాలి. పసుపు, కాఫీ పొడి, గాయపాకు పసరు పెట్టుకొచ్చిన చేతుల్ని ఎన్ని కడిగానో నాకే తెలియదు. ఆ పసుపు కింద గాయం ఎంత లోతో డాక్టరుకి కనబడదు. మావయ్యగారి గాయపాకు మీద నాకు కోపం లేదు, మా అమ్మా అదే పిండేది. కాలికి ముల్లు గీసుకుంటే సరే, గునపం దిగితే కాదు.

గునపం ముక్కో కత్తి ముక్కో గాయంలోనే ఉండిపోతే మాత్రం పీకకండి. అది అక్కడ బిరడాలా రక్తాన్ని ఆపుతూ ఉంటుంది. చుట్టూ గుడ్డలు పేర్చి, కదలకుండా కట్టి, అలాగే తీసుకెళ్లాలి.

గ్లౌజులు నేను అన్నిటికంటే ముందు కొనిపిస్తాను. పది జతలు, పెద్ద సైజు, ఒలుపు వాళ్ల చేతులకి చిన్నవి పట్టవు. రక్తం చూసి జంకేవాడు కూడా గ్లౌజు తొడుక్కుంటే ముందుకొస్తాడు, ఇది నేను చాలాసార్లు గమనించాను. ఆ తర్వాత మంచి కత్తెర. కిట్‌లతో వచ్చే బొమ్మ కత్తెర గుడ్డని కూడా తెంపలేదు. మొన మొద్దుగా ఉండి, ప్యాంటూ చీరా సర్రున కోసేది విడిగా కొనండి. రోలర్ బ్యాండేజీలు రెండు మూడు వెడల్పుల్లో, క్రేపు బ్యాండేజీలు రెండు, మెడకి చెయ్యి వేలాడదీయడానికి మూడు కోణాల గుడ్డలు నాలుగు, కాగితపు టేపు, టార్చిలైటు. పీచు ముల్లు తీయడానికి ట్వీజర్లు. ఒక సబ్బు. మామూలు గాయం కడగడానికి పంపు నీళ్లూ సబ్బూ చాలు, ఐదు రకాల లోషన్లు అక్కర్లేదు. బీటాడిన్ చిన్న సీసా ఒకటి ఉంచుకోండి, చుట్టుపక్కల తోలు తుడవడానికి.

పీచు మిషను వేరే కథ. దాంట్లో వేలు పడితే తెగిపోవచ్చు. డబ్బాలో నాలుగు జిప్ కవర్లు పెట్టమని నేను అంటే అందరూ నవ్వుతారు. తెగిన వేలిని శుభ్రమైన గాజ్ గుడ్డ సెలైన్‌తో తడిపి అందులో చుట్టి, జిప్ కవర్లో వేసి మూసి, ఆ కవరుని ఐసు వేసిన నీళ్లలో పెట్టి మనిషితో పాటు పంపాలి. వేలిని నేరుగా ఐసులో వేస్తే చచ్చిపోతుంది, అతికించడానికి పనికిరాదు. అరటాకులో చుట్టి జేబులో పెట్టుకొచ్చిన వేళ్లు చూశాను, అసలు తేకుండా వచ్చినవాళ్లని ఇంకా ఎక్కువ చూశాను. పక్క ఊళ్లో ఐసు ఎక్కడ దొరుకుతుందో ఇప్పుడే కనుక్కోండి, చేపల వాళ్ల దగ్గర తప్పక ఉంటుంది. మిషను స్విచ్చి ఎక్కడుందో డొక్కలు అందించే ఆడవాళ్లందరికీ తెలుసా? మిషను పైట కొంగు లాగేసుకున్నప్పుడు డబ్బా కంటే ముందు ఆ స్విచ్చి కావాలి.

మిషను దుమ్ము కళ్లలో పడడం రోజూ ఉండేదే. దానికి నార్మల్ సెలైన్ అరలీటరు ప్లాస్టిక్ బాటిళ్లు రెండు. మూత తెరిచి, ముక్కు వైపు నుంచి బయటికి ధార కట్టాలి. నలపనివ్వకూడదు. గునపం సాన పడుతున్నప్పుడు ఇనుప రజను కంట్లో గుచ్చుకుంటే కడిగి కూర్చోకండి, మీరు తీయబోకండి, కన్ను మూసి ఉంచి కంటి డాక్టరు దగ్గరికి పంపండి.

ఇప్పుడు డొక్కల కుప్ప. వాన పడితే దాని కింద ఏముంటుందో మీకు నేను చెప్పాలా! పాము కాటుకి కిట్‌లో మందు ఉండదు, ఉండకూడదు కూడా. విరుగుడు ఇంజెక్షన్ ఆసుపత్రిలోనే ఇవ్వాలి, దానికి కొందరికి ఎలర్జీ వస్తుంది. కిట్ పని ఒక్కటే, కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా, విరిగిన ఎముకకి కట్టినట్టు, రెండు బద్దలు పెట్టి కట్టడం. కొబ్బరి మట్ట ముక్కలు మీ దగ్గర కావాల్సినన్ని. కట్టు వదులుగా, కింద వేలు దూరేలా ఉండాలి. తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ వద్దు. ఉంగరాలు, మెట్టెలు, గాజులు వెంటనే తీసేయండి, వాపు వస్తే తర్వాత రావు. కాటు పడ్డ టైము చేతి మీదే పెన్నుతో రాయండి. కట్లపాము కరిస్తే నొప్పీ వాపూ పెద్దగా ఉండవు, అందుకే "గండు చీమేమో" అనుకుని పడుకుంటారు. కొన్ని గంటల్లో కనురెప్పలు వాలిపోతాయి. నొప్పి లేదని ధైర్యపడొద్దు. తేలు కుట్టినప్పుడు ఒళ్లంతా చెమట్లు పట్టి, చేతులు చల్లబడితే అదీ ఆసుపత్రి కేసే, మంత్రం కేసు కాదు.

మీ ఉత్తరంలో మీరు మర్చిపోయిన మనుషులు దింపు వాళ్లు. లెక్కలో కలిపారు కానీ వాళ్లు షెడ్డులో ఉండరు కదా. తోటలో, చెట్టు మీద ఉంటారు. షెడ్డు గోడకి వేలాడే డబ్బా వాళ్లకి ఏం పనికొస్తుంది? వాళ్ల మేస్త్రీ మోటారు సైకిల్‌కి తగిలించే చిన్న సంచీ ఒకటి చేయించండి. పెద్ద ప్యాడ్లు నాలుగు, బ్యాండేజీలు మూడు, గ్లౌజులు, కత్తెర, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. అంతకంటే వద్దు. చెట్టు మీంచి పడ్డ మనిషిని కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో మడిచి కూర్చోబెట్టడం మన దగ్గర మామూలు. వెన్ను విరిగి ఉంటే ఆ ఎత్తడంతోనే కాళ్లు శాశ్వతంగా పోవచ్చు. పడ్డవాణ్ణి పడ్డట్టే ఉంచి, ఒకరు తల దగ్గర కూర్చుని రెండు చేతులతో తల కదలకుండా పట్టుకుని, 108 స్ట్రెచర్ వచ్చేదాకా ఆగాలి. నీళ్లు తాగించొద్దు. కరెంటు తీగకి కత్తి తగిలిన వాడైతే ముందు లైను ఆపించండి, అప్పటిదాకా దగ్గరికి వెళ్లొద్దు. ఆ తర్వాత ఊపిరి లేకపోతే రొమ్ము మధ్యలో అరచేతి మొదలుతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా నొక్కుతూ ఉండాలి. ఇది చదివితే రాదు, బొమ్మ మీద చేతులు పెట్టి నేర్చుకోవాలి.

అందుకే 3,200 రూపాయల కిట్‌కి పెట్టే డబ్బులో సగం శిక్షణకి పెట్టమంటాను. రెడ్‌క్రాస్ వాళ్లూ, సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్లూ నేర్పుతారు. మీరొక్కరే వెళ్లి నేర్చుకోకండి, ఇంకో ఇద్దర్ని కూడా పంపండి. మీరు బ్యాంకుకి వెళ్లినప్పుడే ఎవరికో ఏదో అవుతుంది. డొక్కలు మోసే వాళ్లలో చురుకైన అమ్మాయి ఎవరో ఉంటుంది, ఆమెని తప్పక పంపండి.

మాత్రల గురించి మందుల షాపు అతను ఒత్తిడి చేస్తాడు. జ్వరానికి, ఒళ్లు నొప్పులకి, గ్యాసుకి, విరేచనాలకి అన్నీ డబ్బాలో వేయబోతాడు. వేయనివ్వకండి. డబ్బా మందుల కొట్టు అయిందంటే లోడింగ్ కుర్రాళ్లు రోజుకో నొప్పి మాత్ర వేసుకుని బస్తాలు మోస్తారు. దోమల రోజుల్లో జ్వరం డెంగీ అయితే ఆ నొప్పి మాత్రలే రక్తస్రావం తెచ్చిపెడతాయి. ఓఆర్‌ఎస్ మాత్రం దండిగా ఉంచండి. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద ఒలుపు చేసేవాళ్లకి అది మజ్జిగంత అవసరం. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ తీసుకోండి, పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో కొంచెం కొంచెం వేసుకుంటే ఉప్పు లెక్క తప్పుతుంది. తీపి డబ్బా డ్రింకులు దాని బదులు కావు. ఎండకి పడిపోయిన మనిషి పిచ్చిగా మాట్లాడుతుంటే, సొమ్మసిల్లితే నోట్లో ఏమీ పోయకుండా ఒళ్లంతా తడిపి ఫ్యాను పెట్టి 108కి చేయండి.

డబ్బా రేకుది వద్దు. మన గాలికి రేకు రెండు వర్షాకాలాలు ఆగదు. రబ్బరు అంచున్న గట్టి ప్లాస్టిక్ డబ్బా, లోపల అరలున్నది, అందరి కళ్లకీ కనబడే ఎత్తులో, మిషనుకి దూరంగా, ఎండ తగలని గోడకి. మూత లోపలి వైపు ఒక కాగితం అంటించండి. 108 అందరికీ తెలుసు, కానీ కంగారులో మీ షెడ్డు ఎక్కడో చెప్పడం ఎవరికీ రాదు. "ఫలానా లాకు దాటి, కాలువ గట్టు మీద ఎడమ చేతి వైపు రెండో వంతెన" అని గుర్తులతో రాసి పెడితే కొత్త కుర్రాడు కూడా ఫోన్లో చదివేస్తాడు. దాని కింద పాము కాటుకి ఇంజెక్షన్ ఉండే ఆసుపత్రి పేరు, ఫోను నంబరు. మీ దింపు తోటలు లంకల్లో ఉంటే, గోదారి వచ్చి కాజ్‌వే మునిగే రోజుల కోసం పడవ అతని నంబరు కూడా.

బట్వాడా రోజున జీతాల పుస్తకంతో పాటు డబ్బా కూడా తెరవండి. వాడినవి నింపడం, తేదీలు చూడడం ఐదు నిమిషాల పని. ఎవరికి ఏం తగిలిందో, ఏం వాడారో ఒక చిన్న పుస్తకంలో రాయించండి. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకమే చెబుతుంది, గునపం దగ్గర చేతికి తొడుగు కావాలా, మిషనుకి అడ్డు రేకు కావాలా అని.

చివరగా తాళం. చాలా ఏళ్ల క్రితం, మిల్లు పేరు చెప్పను, ఎలివేటర్ బెల్టులో చెయ్యి పడ్డ ఒక పెద్దావిడని మా దగ్గరికి తెచ్చారు. చేతికి గోనెసంచి చుట్టి ఉంది. ఫస్ట్ ఎయిడ్ డబ్బా లేదా అని కసిరాను. ఉందట, నిండుగా ఉందట. తాళంచెవి గుమస్తా మొలతాడుకి ఉందట. గుమస్తా టీ తాగడానికి వెళ్లాడట. ఆ గోనె నుంచి ఊడిన జనపనార పోగులు నేను చాలాసేపు ఏరాను. ఆవిడ మాత్రం, "డబ్బా పగలగొడితే ఓనరుగారు తిడతారని ఆగాం తల్లీ" అంది.

మావయ్యగారు చెప్పింది అబద్ధం కాదు, బ్యాండ్ ఎయిడ్లు పోతాయి. ఇంట్లో పిల్లాడికి మోకాలు చెక్కుకుపోయిందని ఎవరో రెండు పట్టుకెళతారు. ప్యాడ్లూ బ్యాండేజీలూ ఎవరూ ఎత్తుకెళ్లరు. చిన్న ప్లాస్టర్లు ఒక విడి డబ్బాలో గల్లా పెట్టె దగ్గర పెట్టండి, అడిగినవాళ్లకి ఇవ్వండి. పెద్ద డబ్బాకి తాళం బదులు ఒక కాగితపు సీలు అంటించండి. చింపితే తెలుస్తుంది, చింపడానికి ఒక్క క్షణం చాలు. నెలకి వందో నూటయాభయ్యో ఆ పద్దు కింద పోతుంది. టీ ఖర్చు పక్కనే రాసేయండి, మావయ్యగారు అక్కడ చూడరు.